ఎకరానికి ఎన్ని నెలలు

2009 జూన్‌లో జహీరాబాద్ దగ్గర ఒక ఊరికి బయల్దేరినప్పుడు నా సంచిలో రెండు జతల బట్టలు, ఒక టార్చిలైటు, ఒక పొడుగాటి లెక్కల పుస్తకం ఉన్నాయి. పుస్తకంలో ముందే స్కేలు పెట్టి గడులు గీసుకున్నాను. పంట పేరు, విత్తనం ఎంత, ఖర్చెంత, దిగుబడి ఎకరానికి ఎన్ని క్వింటాళ్ళు. ఆ గడులు నిండితే మందులు లేని సేద్యం గిట్టుబాటు అవుతుందో లేదో తేలిపోతుందని నా నమ్మకం. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. చివరి గడి ఒక్క పేజీలో కూడా నిండలేదు.

మాది జనగామ వైపు. మా చిన్నమామ పత్తి వేసేవాడు. 1997-98లో పత్తి మీద లద్దెపురుగు విరుచుకుపడ్డ ఏడాది నాకు బాగా గుర్తు. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు. మామ పొలం నుంచి వస్తే ఆయన చొక్కా మిగతా బట్టల్లో కలిపేది కాదు అత్తమ్మ, వేరే బకెట్లో నానబెట్టేది. ఇంట్లోకి ఆయన కన్నా ముందు ఆ వాసన వచ్చేది. ఆ ఏడాది వరంగల్ జిల్లాలో ఎందరో పత్తి రైతులు ఆ పురుగుమందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. మా మామ బతికాడు. మూడెకరాల్లో రెండు అమ్మి అప్పు కట్టి, హైదరాబాద్ వెళ్ళి ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా చేరాడు. మళ్ళీ నాగలి పట్టలేదు.

ఆ తర్వాత 2006లో మా వైపే, లింగాల ఘన్‌పూర్ మండలంలోని ఎనబావి, ఊరు ఊరంతా రసాయనాలు మానేశామని ప్రకటించుకుంది. సుమారు యాభై ఇళ్ళ ఊరు. ఒక ఆదివారం వెళ్ళి చూసొచ్చాను. వేప కషాయాలు, కంపోస్టు గుంతలు అన్నీ చూపించారు. తిరిగొస్తుంటే ఒకటే అనిపించింది, ఇది ఒక రోజులో చూసేది కాదు, దుక్కి నుంచి కోత దాకా పక్కనుండి చూడాలి. మూడేళ్ళకు ఆ అవకాశం వచ్చింది. మాంద్యంలో నా ప్రాజెక్టు ఆగిపోయింది. తెలిసినవాళ్ళను అడిగితే జహీరాబాద్ వైపు వెళ్ళమన్నారు. జీతం ఉండదు, పని చేస్తే తిండి పెడతారు, పడుకోవడానికి చోటు ఇస్తారు. అంతకన్నా నాకేం కావాలి.

బస్సు పటాన్‌చెరు దాటుతుంటే రోడ్డు పక్కనే ఇక్రిశాట్ ప్రహరీ కనబడింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మీద ప్రపంచం కోసం పరిశోధన చేసే సంస్థ, 1972 నుంచి అక్కడే ఉంది. అదే రోడ్డులో ఇంకో డెబ్భై కిలోమీటర్లు వెళ్తే, అదే జొన్నల గురించి నాకు పాఠం చెప్పబోయే మనిషి ఉంది. చదువు రాదు, వయసు ఎంతో తనకే తెలియదు. నేను అవ్వ అని పిలిచాను, ఇక్కడా అంతే రాస్తాను.

ఆ ప్రాంతంలో పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. చుట్టుపక్కల ఊళ్ళలో దళిత మహిళల సంఘాలున్నాయి. అవ్వ కూడా సంఘం మనిషే. ఎర్ర చెల్క మూడెకరాలు, ఊరికి అవతల నల్లరేగడి అరెకరం. ఒకప్పుడు ఆ చెల్క రాళ్ళు తేలిన బీడు. సంఘం ఆడవాళ్ళు ఒకరి పొలంలో ఒకరు రాళ్ళేరుకొని, గట్లు పోసుకొని, చెరువు మట్టి మోసుకొని సాగులోకి తెచ్చుకున్నారట. గట్ల మీద ఆ రాళ్ళు వరసగా పేర్చి ఉన్నాయి. కొన్ని నేను రెండు చేతులతో కూడా కదపలేకపోయాను.

మొదటి పదిహేను రోజులు పెంట మోయడమే పని. తట్ట నెత్తిన పెట్టుకొని కుప్ప నుంచి బండికి, బండి నుంచి చెల్కకు. మెడ పట్టేసింది. పెంట మగ్గిందో లేదో అవ్వ చేత్తో పిసికి చూసేది. వాసన పోయి, నల్లగా పొడిపొడిగా రాలితేనే పొలానికి. వేసవిలో గొర్రెలోళ్ళతో మంద కూడా పెట్టించింది. రాత్రుళ్ళు గొర్రెలు పొలంలోనే పడుకుంటాయి, తెల్లారేసరికి చెల్కంతా ఎరువు. దానికి ఇచ్చేది గింజలే. ఇవన్నీ నా పుస్తకంలో ఖర్చు గడిలో ఎలా రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను.

వాన రాలేదు. మృగశిర కార్తె మొదలైంది, మబ్బు లేదు. ఆ ఏడాది దేశమంతా కరువేనని తర్వాత తెలిసింది కానీ అప్పటికి మేం రోజూ పొద్దున లేవగానే పడమటి దిక్కు చూసేవాళ్ళం. ఆరుద్రలో ఒక మధ్యాహ్నం పడింది. మర్నాడు చెల్క నిండా ఆరుద్ర పురుగులు, ఎర్రటి మఖమలు ముక్కలు నడుస్తున్నట్టు. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టుకొని ఆడుకున్న పురుగులు, మళ్ళీ ఎన్నేళ్ళకో చూశాను. అవ్వ వాటిని చూసి నవ్వి, అటక మీది బుట్టలు దించమంది.

ఆ బుట్టలు పేడా మట్టీ పూసి ఎండబెట్టినవి. మూత పగలగొడితే లోపల బూడిద, ఎండిన వేపాకు, మధ్యలో గింజలు. ఒక్క పురుగు లేదు. విత్తనాలకు దుకాణానికి వెళ్ళిన జ్ఞాపకం అవ్వకు ఒక్కటే ఉంది, అది కూడా ముప్పై ఏళ్ళ కింద. లేనివాళ్ళు ఆమె దగ్గర అప్పు తీసుకుంటారు. సోలెడు తీసుకుంటే పంట వచ్చాక రెండు సోలలు తెచ్చి పోయాలి. పైసలు పనికిరావు.

విత్తే రోజు గొర్రు వెనకాల నడుస్తూ జడ్డిగంలో, అంటే గొర్రుకుండే గింజల గిన్నెలో, గింజలు పోసింది అవ్వ. నేను బుట్ట పట్టుకొని పక్కన నడిచాను. పచ్చజొన్నలో కొన్ని పెసలు, మినుములు, బొబ్బర్లు కలిపింది. కొన్ని సాళ్ళకొకసారి కంది, అనుములు. పైన గరప నేల ఉన్న చోట కొర్ర, సామ, ఓ పక్క సజ్జ, మధ్య మధ్య నువ్వులు. గట్ల వెంట ఆముదాలు, పుంటికూర అనే గోంగూర. లెక్కపెట్టాను, పన్నెండు రకాలు. నా పుస్తకంలో ఒక పంటకు ఒక గడే గీసి ఉంది. ఇన్ని కలిపి వేస్తే ఎకరానికి ఏది ఎంతో ఎలా లెక్క కట్టాలి? మధ్యాహ్నం గట్టు మీద సద్ది విప్పినప్పుడు అడిగాను.

"అవ్వా, నీ చెల్కల ఎకరానికి జొన్నలు ఎన్ని క్వింటాళ్ళయితయి?"

"నాకేం దెల్సు బిడ్డా? కింటాళ్ళు సేటు లెక్క, అమ్మెటోనికి గావాలె. ఎన్ని నెలలొస్తదో అడుగు, చెప్త."

చెప్పింది కూడా. వానలు మంచిగైతే ఈ చెల్క జొన్న ఇంటిల్లిపాదికి ఏడు నెలలు. కొర్ర, సామ కలిపితే ఇంకో రెండు నెలలు. పప్పు ఏడాదంతా, చుట్టాలొచ్చినా సరే. సొప్ప బర్రెకూ ఎడ్లకూ ఉగాది దాకా. పుంటికూర, బొబ్బరకాయ ఆషాఢం నుంచి దసరా దాకా. నువ్వులు పండగలకు, ఆముదం తలకు. వేళ్ళ మీద లెక్కపెడుతూ ఎక్కడా తడుముకోలేదు. అంత ఖచ్చితమైన లెక్క నేను పనిచేసిన ఏ ఆఫీసులోనూ వినలేదు.

జూలై అంతా చినుకుల్లేవు. జొన్న మోకాలెత్తు కూడా రాకుండా ఆకులు చుట్టుకుపోయింది. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. నా పొలం కాదు, నా అప్పు కాదు, అయినా టెన్షన్. అవ్వ మాత్రం పొద్దున్నే కొడవలి తీసుకొని కలుపుకు పోయేది. నేనూ కూర్చున్నాను. వరసలో ఉన్న గడ్డి, గడ్డి కానిదీ శుభ్రంగా తీసి గట్టు మీద కుప్ప పోశాను. సాయంత్రం ఇంటికెళ్ళే ముందు అవ్వ ఆ కుప్ప దగ్గర కూర్చొని ఏరడం మొదలుపెట్టింది. ఇది గునుగు, ఇది దొగ్గలి, ఇది జొన్నచెంచలి, ఇది తుమ్మి. కొంగు నిండింది. ఆ రాత్రి కూర అదే, ఎల్లిపాయ వేసి. ఎవరూ విత్తనం వేయలేదు, నీళ్ళు పెట్టలేదు. పంట ఎండిపోతున్న నెలలో కూడా ఆ ఇంట్లో కంచంలో కూర ఉండడానికి కారణం ఆ కలుపే. కలుపు మందు కొట్టిన చేను ఎంత శుభ్రంగా ఉంటుందో నేను మా వైపు చూశాను. ఆ శుభ్రంలో పోయేది ఏమిటో ఆ రోజు తెలిసింది.

రొట్టె చేయడం నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది. జొన్నపిండి గోధుమపిండిలా సాగదు, మరిగే నీళ్ళు పోసి కలపకపోతే విరిగిపోతుంది. కలిపాక చేత్తో చరుస్తూ తిప్పాలి. కోడలు చరుస్తుంటే ఆ చప్పుడులో ఒక తాళం ఉండేది, పక్కింటి చప్పుడు కూడా దానికి కలిసేది. ఏడింటికి రేడియో. మాచునూరు నుంచి సంగం రేడియో, 90.4. మొదలై అప్పటికి ఏడాది కూడా కాలేదు. నడిపేది ఆ ఊళ్ళ ఆడవాళ్ళే. విత్తనాలు, పురుగులు, పాటలు, పిల్లల జ్వరాలు, అన్నీ వాళ్ళ యాసలోనే. రేడియోలో మన మాట మనలాగే వినబడడం ఎలా ఉంటుందో వాకిట్లో కూర్చున్న ఆ ముఖాలు చూసి తెలుసుకున్నాను.

ఆ ఇంట్లో రేషన్ బియ్యం కూడా తినేవాళ్ళు. దాచడానికేం లేదు. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం 2008లో మళ్ళీ వచ్చింది. ఆకలి తీర్చిన బియ్యాన్ని నేను తప్పు పట్టను. కానీ ఆ బియ్యం ఎక్కడో కాలువల కింద పండి బస్తాల్లో వచ్చేది. చౌకగా అది దొరుకుతుంటే చెల్కలో జొన్నకు ఎవరు చెమటోడుస్తారు? అట్లా బీడు పడ్డ భూములే ఎక్కువ. తొంభైల మధ్యలో ఈ సంఘాలు ఒక పని చేశాయి. బీళ్ళు సాగు చేసుకోవడానికి అప్పులిచ్చి, ఆ అప్పు జొన్నల రూపంలోనే తిరిగి తీసుకొని, ఆ జొన్నలే ఊళ్ళో పేద ఇళ్ళకు తక్కువ ధరకు పంచాయి. ఊరి నేల, ఊరి కూలి, ఊరి గింజ. 2013లో ఆహార భద్రత చట్టంలో చిరుధాన్యాలూ కిలో రూపాయికి అని రాశారు. మా వీధి రేషన్ దుకాణంలో నేనింతవరకూ జొన్నలు చూడలేదు.

ఆగస్టు చివర్లో వాన పడింది. ముందు ఒక జల్లు, తర్వాత రెండు రోజులు ఆగకుండా. అప్పటికే పెసర, మినుము చాలావరకు పోయాయి. జొన్న సగం చచ్చింది. చచ్చిన చోట్ల అవ్వ మళ్ళీ గుంటుక తోలించి ఉలవలు చల్లింది. "ఉత్తర చూసి ఎత్తర గంప" అని సామెత, ఉత్తర కార్తె దాకా వాన లేకపోతే గంప ఎత్తుకొని వలస పోవడమే. అవ్వ నాతో ఆ సామెత చెప్పి, గంపలో ఉలవలున్నాయి కదా, ఎందుకెత్తుతా అంది. ఎండకు కదలకుండా నిలబడింది కంది ఒక్కటే. దాని వేరు అంత లోతుకు పోతుంది. వాన తగలగానే వారంలో గుబురుగా లేచింది. అనుములు దాని మీదికి పాకాయి. ఒక్క పంట వేసినవాళ్ళ చెల్కలు పక్కనే ఖాళీగా కనబడేవి.

కందికి పూత పట్టాక పచ్చపురుగు వచ్చింది. నాకు వెంటనే మా మామ చొక్కా గుర్తొచ్చింది. వాళ్ళు చేసింది ఇదీ: చెట్ల కింద పాత చీరలు పరిచి, కొమ్మలు పట్టుకొని దులిపారు. పురుగులు రాలాయి. కోళ్ళు వెనకాలే. పొలంలో అక్కడక్కడ కర్రకు అడ్డంగా ఇంకో కర్ర కట్టి పాతాం, పిట్టలు వాలడానికి. వేపగింజల కషాయం ఒకసారి కొట్టాం. వంద లీటర్ల నీళ్ళకు ఐదు కిలోల వేపపప్పు దంచి రాత్రంతా నానబెట్టి వడకట్టాలి. దంచింది నేనే, రెండు రోజులు నాలుక మీద చేదు పోలేదు. పురుగు మొత్తం పోయిందా? పోలేదు. కొన్ని కాయలు తొలిచేసింది. "దాని పాలు అది తిన్నది" అంది కోడలు, పాలంటే వాటా. ఆ మాట నేను చాలా రోజులు తల్చుకున్నాను. మామ మొత్తం చంపాలని చూశాడు. దుకాణంవాడు కూడా మొత్తం చస్తుందనే చెప్పాడు మరి.

డిసెంబరులో తెలంగాణ ఉద్యమం ఊపందుకొని బంద్‌లు మొదలయ్యాయి. బస్సులు ఆగిపోయాయి. ఇంటికి వెళ్ళాలనుకున్న నేను ఊళ్ళోనే ఉండిపోయాను. నాకు అదృష్టమే అయింది, యాసంగి, అంటే చలికాలపు పంట, చూడగలిగాను. నల్లరేగడి అరెకరంలో తెల్లజొన్న, శనగ, కుసుమ, అవిసె. బావి లేదు, కాలువ లేదు. వానలు వెళ్ళిపోయాక ఆ నేలలో దాగిన తడి, రాత్రి కురిసే మంచు, అంతే. పొద్దున్నే వెళ్తే ఆకులన్నీ తడిసి ఉండేవి, చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా తడిసేవని ఆడవాళ్ళు పైకి దోపుకునేవాళ్ళు. ఈ పంటలను వాళ్ళు సత్యం పంటలు అంటారు. ఎవరూ నీళ్ళివ్వకుండా తమ సత్యం మీద తామే నిలబడే పంటలు. నేను ఎన్నోసార్లు నిజమైన తిండి, అసలైన తిండి అని మాటలు వాడాను. ఆ ఆడవాళ్ళ దగ్గర దానికి ఎప్పటినుంచో ఒక పేరుంది.

కళ్ళం అయ్యాక నేను పుస్తకం తీశాను. అవ్వ చెప్పింది, నేను రాశాను. ఈ కరువు ఏడు జొన్న మూడు నెలలు. కొర్ర, సామ నెలన్నర. కంది, అనుము, ఉలవ కలిపి పప్పు ఏడాదంతా, అందులో కొంత అమ్మితే ఉప్పూ నూనే పిల్లల ఫీజూ. సొప్ప సంక్రాంతి దాకే, తర్వాత కొనాలి. మిగతా నెలలు రేషన్ బియ్యం. అప్పు లేదు. ఆ చివరి మాట రాయడానికి నా పుస్తకంలో గడి లేదు, పేజీ కింద రాశాను. "అప్పు లేదు" అని రెండుసార్లు చెప్పించింది, రాశావా అని అడిగింది.

విత్తనం మాత్రం కళ్ళం దాకా ఆగలేదు. పంట నిలబడి ఉండగానే అవ్వ చేనంతా తిరిగి మంచి కంకులకు పాత గుడ్డపీలికలు కట్టింది. ఆ కరువులో బాగా పండిన కంకులనే ఏరుకుంది. వాననే నమ్ముకున్న పెద్ద కంకి కాదు, ఎండకు నిలబడ్డ కంకి. తినే గింజలు తక్కువైనా విత్తనం కొలత తగ్గలేదు.

సంక్రాంతికి పాత పంటల జాతర మొదలైంది. అలంకరించిన ఎడ్లబండ్ల నిండా విత్తనాల బుట్టలు, ఏటా ఊరి నుంచి ఊరికి నెల రోజులు తిరుగుతాయి. డప్పులు, పాటలు. ఒక ఊళ్ళో బండ్ల దగ్గర నిలబడి ముట్టుకుంటూ పేర్లు అడిగి రాసుకున్నాను, జొన్నలోనే ఎన్ని రంగులో. అవ్వ బుట్ట కూడా ఆ బండ్ల మీద ఉంది. ఆ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చిందని తెలిసినప్పుడు నాకు ఆ బండి చక్రాల కిరుకిరు వినబడింది. ఆ సంఘాలతో దశాబ్దాలు నడిచిన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో కన్నుమూశారు. చిరుధాన్యాల అంతర్జాతీయ సంవత్సరం అని ప్రపంచమంతా జరుపుకుంటున్న ఏడాదే అది. ఇప్పుడు సూపర్ మార్కెట్లో కొర్రలు మెరిసే ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. మంచిదే, తినాలి. కానీ ఆ ప్యాకెట్ కొన్నప్పుడల్లా, ఈ ధరలో పండించిన ఇంటికి ఎన్ని నెలలు అందాయో అని మనసు లాగుతుంది.

నేను వచ్చేసే రోజు అవ్వ సోలెడు అనుములు నా కొంగులో పోసింది. ఉచితం కాదు, అప్పు. రెండు సోలలు తేవాలి.

హైదరాబాద్‌లో మా అద్దె ఇంటి వెనక ప్రహరీ పక్కన రెండు బారల నేల ఉండేది. సిమెంటు పెళ్ళలు ఏరి, పాలవాళ్ళ దగ్గర పేడ అడిగి తెచ్చి, మగ్గబెట్టి, ఆరుద్రలో పెట్టాను. తీగ గోడెక్కింది, పక్కింటి గోడా ఎక్కింది. నెలలు గడిచినా పూత లేదు. ఓనర్ పీకేయమన్నాడు. చలి పడ్డాకే పూస్తుందని అవ్వ చెప్పింది కాబట్టి ఆగమని బతిమాలాను. కార్తీకంలో ఊదారంగు పూలు. సంక్రాంతికి కాయలు. పచ్చికాయ ఒక్కటీ కూరకు తెంపలేదు, ఓనర్ ఇంటికి ఇచ్చిన రెండు గుప్పెళ్ళు తప్ప. అన్నీ తీగ మీదే ఎండనిచ్చాను.

2011 ఫిబ్రవరిలో తీసుకెళ్ళాను. రెండు సోలలు, పైన ఇంకో గుప్పెడు. అవ్వ చాటలో పోసి, వెలుతురుకు తిప్పి చూసింది. ఒక గింజ పంటి కింద కొరికింది, టక్కుమంది. తలాడించింది. తర్వాత ఒక్కొక్కటీ ఏరుతూ నలభై యాభై గింజలు పక్కకు తీసేసింది, ముడతలు పడ్డవి, చిన్నవి. మిగిలినవి పెద్ద బుట్టలో పోస్తుందనుకున్నాను. పోయలేదు. కోడలితో చిన్న ముంత తెప్పించి, బూడిద కలిపి అందులో పోసింది.

"వేరే ఎందుకవ్వా?"

"పట్నం నీళ్ళు తాగినయి గదా. ఈ పునాసకు గట్టు మీద ఏస్త. మన చెల్కను గుర్తుపడ్తయో లేదో జూద్దాం" అంటూ ముంత మూతికి పేడ మెత్తి, నీడలో ఆరబెట్టింది.